చెయ్యి లేస్తే ఆగాలి

"ఏడిస్తే డాక్టరమ్మతోని పెద్ద సూదేపిస్త సూడు!"

పొద్దున మా క్లినిక్ తలుపు అవతల ఒక తల్లి బిడ్డను బెదిరిస్తుంటే నాకు ఒళ్లు మండిపోయింది. మార్కెట్‌కు పసుపు దిగే రోజులు, గాలి నిండా ఆ ఘాటే. ఆ ఘాటూ ఈ బెదిరింపూ కలిస్తే నాకు షాహీన్ మేడమ్ గుర్తొస్తారు. పళ్ల డాక్టరు చదువు ముగిసిన కొత్తలో నేను పని నేర్చుకున్నది ఆర్మూరులోని ఆవిడ క్లినిక్‌లోనే. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం గంట. సూది పేరు చెప్పి పిల్లల్ని భయపెట్టే తల్లిదండ్రుల్ని వరండాలోనే కడిగిపారేసేవారు.

అలాంటి ఒక పసుపు సీజన్‌లో అంకాపూర్ నుంచి గంగారాం అనే రైతు తన ఐదేళ్ల కూతురు లాస్యను ఎత్తుకొచ్చాడు. పిల్ల బుగ్గ ఉబ్బి, కన్ను సగం మూసుకుపోయింది. దవడ పాలపన్ను కింద చీము. ముద్ద దిగడం లేదు. అంతకుముందు ఇంకెక్కడో నలుగురు అదిమిపట్టి నోరు తెరిపించబోతే డాక్టరు వేలు కొరికి పారిపోయిందట. ఇక్కడా కుదరకపోతే నిజామాబాద్ తీసుకెళ్లి మత్తిచ్చి తీయించాల్సిందే. అంతలోపు చీము ఎటు పాకుతుందో.

మేడమ్ కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నారు. "బేటా, చీమ కుట్టినట్టుంటది అని అబద్ధం చెప్ప. నొస్తది, జరసేపే. నీకు వద్దనిపిస్తే చెయ్యి లేపు, నేను ఆపుత."

పిల్ల చెయ్యి ఎలా లేపుతుంది? గంగారాం ప్రేమకొద్దీ రెండు చేతులూ ఒడిసిపట్టుకొని ఉన్నాడు.

"గంగారామన్నా, చేతులిడువు."

"ఇడిస్తే కరుస్తది మేడం!"

"కరిస్తే నా వేలే గదా. ఇడువు."

వదిలాడు. సూది పడింది. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది గానీ కదల్లేదు. చిగురు మొద్దుబారాక మేడమ్ పట్టుకారుతో పన్నును మెల్లగా కదిలించారు. సగం వదులైంది. సరిగ్గా అప్పుడు ఆ చిన్న చెయ్యి పైకి లేచింది.

మేడమ్ ఆపేశారు. పట్టుకారు ట్రేలో పెట్టేశారు.

"మేడమ్, ఇంకొక్క లాగుడే!" అన్నాను నేను.

గంగారాం లేచి నిలబడ్డాడు. "అయ్యో, గిప్పుడు ఆపుతరా? మళ్ల నోరు తెరుస్తదా అది?"

నా భయమూ అదే. పిల్ల పెదాలు బిగించేసింది. మేడమ్ మాస్కు కిందికి లాగి, చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నారు.

"నొస్తుందా బేటా?"

తల అడ్డంగా ఊపింది.

"మరి?"

"నువ్వు నిజంగ ఆపుతవా లేదా అని చూసిన."

అంతే, తనంతట తానే నోరు తెరిచింది. పన్ను వచ్చేసింది. గంగారాం గోడకానుకొని వెక్కి వెక్కి ఏడ్చాడు. "పన్ను ఆమెది, నువ్వెందుకు ఏడుస్తవే అన్నా?" అని మేడమ్ ఆటపట్టించారు.

మేడమ్ ఇప్పుడు లేరు. ఆవిడ ఓపిక నాకు ఎన్నటికీ అబ్బలేదు. కుర్చీలో పిల్లలు ఊరికే చెయ్యి లేపుతారు, దించుతారు, మళ్లీ లేపుతారు. బయట జనం గొణుగుతుంటారు. నాకు కోపం ముంచుకొస్తుంది. అయినా ఆగుతాను. కోపంగానే ఆగుతాను. వాళ్లకు నా కోపంతో పనిలేదు. ఆగానా లేదా అన్నదే చూస్తారు.