ప్రింట్ బాబాయి పంపిన రిమైండర్లు

ప్రింట్ బాబాయికి కోపం ముక్కు మీదే ఉంటుందని అందరూ అంటారు గానీ, అది అబద్ధం. ముక్కు మీద ఉండేదైతే ఎప్పుడో ఒక తుమ్ముతో ఎగిరిపోవాలి. ఆయనది ఎముకల్లో ఉన్న కోపం. టైర్ల గోదాములో సరుకు రాకపోకల సాఫ్ట్‌వేర్ చూసుకునే ఉద్యోగం ఆయనది. అక్కడ మేనేజరు మీద అరవడానికి వీల్లేదు, టైర్ల మీద అరిచి లాభం లేదు. అందుకని నెలంతా దాచుకున్నదాన్ని తెచ్చి చివరి శనివారం పైథాన్ మిత్రుల మీద కుమ్మరించేవాడు.

పైథాన్ మిత్రులంటే పాములు పట్టేవాళ్ళు కారు. పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాములు రాసేవాళ్ళు, రాయడం నేర్చుకుంటున్నవాళ్ళు. నెలకోసారి, చివరి శనివారం మధ్యాహ్నం, ఒక కంప్యూటర్ శిక్షణ సంస్థ కింది అంతస్తు గదిలో కలుస్తారు. గుంపును మొదలుపెట్టింది బాబాయే. కుర్చీలు వేసేది ఆయనే, మెట్ల దగ్గర బాణం గుర్తు కాగితం అంటించేది ఆయనే, ఎవరి లాప్‌టాప్‌కి ఏ తీగ సరిపోతుందో తెలియక ప్రొజెక్టర్ ముందు బోర్లాపడి వెతికేదీ ఆయనే. ఎవరి ప్రోగ్రాములో తప్పు దొరక్కపోయినా ఆయన చెప్పే మందు ఒక్కటే. "ఊహించకు. మధ్యలో ఒక ప్రింట్ వరుస పెట్టు. లోపల ఏం జరుగుతోందో తెర మీద కనబడుతుంది, చూడు." అలా ఆ పేరు స్థిరపడిపోయింది.

ముందు ఎవరో ఒకరు ఏదో ఒక విషయం మీద మాట్లాడతారు. అది ఎక్కడైనా ఉండేదే. ఈ గుంపుకు మాత్రమే ఉన్న ఆనవాయితీ ఆ తర్వాత వస్తుంది. ఒకరు తాము రాసిన ప్రోగ్రామును తెర మీద పెడతారు. ఇంకొకరు దాన్ని పైనుంచి వరుసగా చదువుతూ, ఏ వరుస ఏం చేస్తోందో మామూలు మాటల్లో చెబుతారు. అది పూర్తయ్యేదాకా రాసినవాళ్ళు నోరు మెదపకూడదు. "పక్కన నిలబడి నువ్వు వివరించాల్సి వస్తే, అది ప్రోగ్రాము కాదు, నీ సంజాయిషీ" అనేవాడు బాబాయి. నియమం ఆయన పెట్టిందే. దాన్ని పాటించడం చేతకానిదీ ఆయనకే.

బావమరిదితో చెడింది అక్కడే. భార్యకు తమ్ముడు, ఆ గదిలోనే పైథాన్ నేర్చుకుని ఉద్యోగంలో చేరినవాడు, ప్రొజెక్టర్ సంచీ ఎవరి భుజానా పడనివ్వకుండా మోసినవాడు. ఒక శనివారం బాబాయి రాసిన ప్రోగ్రామును చదివే వంతు అతనికి వచ్చింది. సగం దాకా చదివి, నవ్వుతూ, "బావా, దీన్ని నువ్వు తప్ప ఇంకెవరూ బాగుచేయలేరు. నువ్వు సెలవు పెడితే ఇదీ సెలవు పెడుతుంది" అన్నాడు. గదంతా నవ్వింది. బాబాయికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"నచ్చకపోతే రావద్దు. నిన్నెవరు బొట్టు పెట్టి పిలిచారు?" అని అందరిముందూ నోరు పారేసుకున్నాడు.

బావమరిది మిగతా సగం చదవకుండా కూర్చున్నాడు. వెళ్ళేటప్పుడు ప్రొజెక్టర్ సంచీ మాత్రం యథాప్రకారం బాబాయి ఇంటిదాకా మోసుకొచ్చి, గుమ్మంలో పెట్టి వెళ్ళాడు. అదే ఆఖరు. ఆ తర్వాతి సమావేశానికి రాలేదు. ఆపై నెలకూ రాలేదు.

అతనొక్కడే అయితే బాబాయి చేతులు దులుపుకునేవాడు. కానీ ఏడాది తిరక్కుండా గది ఖాళీ అయిపోయింది. మొదట వెనక వరుసలు పోయాయి, తర్వాత మధ్యవి. ఆఖరికి మిగిలింది ఇద్దరు. ఒకావిడ లెక్కలు చెప్పి రిటైరైన టీచరమ్మ. రెండో ఆమె బ్యాంకులో పనిచేసే అమ్మాయి. ఈ ఇద్దరి కోసమే బాబాయి ప్రొజెక్టర్ బిగించి, గదినిండా కుర్చీలు వేసి, ఖాళీ కుర్చీలను చూస్తూ తిట్టేవాడు. "నేర్చుకునేదాకా బాబాయి కావాలి. ఉద్యోగం వచ్చాక శనివారం నిద్ర కావాలి. ప్రతి నెలా రిమైండర్ పంపుతున్నాను. చూసి కూడా రాలేదంటే ఎంత కొవ్వెక్కి ఉండాలి?" ఆ తిట్లు తగలాల్సినవాళ్ళు ఆ గదిలో లేరు. తిన్నదంతా వచ్చిన ఆ ఇద్దరే.

ఇంట్లోనూ అదే గోల. బావమరిది అక్కను చూడటానికి వస్తే బాబాయి లోపలి గదిలోకి పోయి తలుపేసుకునేవాడు. భార్య దంతవైద్యుడి దగ్గర సహాయకురాలు. "రోజంతా జనం నోళ్ళు తెరుచుకుని కూర్చుంటే చూసి చూసి వస్తాను. ఇంటికొస్తే మీదీ మూతపడదు" అనేది. ఒకరోజు మాత్రం గట్టిగానే అడిగింది.

"వాడెందుకు రావట్లేదో ఒక్క ఫోన్ చేసి అడగొచ్చుగా?"

"నేనెందుకు అడగాలి? నెలనెలా రిమైండర్ పోతోంది. చూసీ చూడనట్టున్నవాణ్ణి కాళ్ళు పట్టుకుని బతిమాలమంటావా?"

"కాళ్ళు ఎవరు పట్టుకోమన్నారు. ఫోన్ పట్టుకోండి చాలు."

బాబాయి చెవిన వేసుకోలేదు. ఆ నెల ఆయన చివరి బాణం వదిలాడు. "ఈ శనివారమే ఆఖరి సమావేశం. ఇన్నేళ్ళ గుంపు మీ చేతులతో మూతపడుతోంది. సిగ్గుంటే రండి" అని రాసి పంపాడు. ఆయన ఫోన్‌లో ఎప్పటిలాగే టింగుమంది. రిమైండర్ వచ్చింది, అందరికీ చేరిందని తృప్తిపడ్డాడు. ఈ దెబ్బకు కదిలి వస్తారని లోలోపల ఆశ కూడా పడ్డాడు. శుక్రవారం సాయంత్రం గోదాము నుంచి తిన్నగా పోయి, ఇంకా రెండు వరుసలు అదనంగా కుర్చీలు వేసి వచ్చాడు.

శనివారం పొద్దుటిదాకా ఒక్కరి నుంచీ జవాబు లేదు. సారీ లేదు, అయ్యో అనలేదు, ఎందుకని అడగలేదు. బాబాయి పళ్ళు కొరుక్కుంటూ మధ్యాహ్నానికని గది తెరిచిపెట్టి, మేడ మీద శిక్షణ సంస్థ నడిపే మేడమ్ దగ్గరికి పోయి గది తాళంచెవి బల్ల మీద పెట్టాడు.

"వచ్చే నెల నుంచి మాకు గది అక్కర్లేదండీ. ఇంకెవరికైనా ఇచ్చుకోండి."

"ఒక రోజు ఆలోచించుకోండి. పిల్లల చదరంగం క్లాసువాళ్ళు ఎప్పటినుంచో అడుగుతున్నారు. ఒకసారి వాళ్ళకి చెప్పానంటే మళ్ళీ నేను వెనక్కి తీసుకోలేను."

"చెప్పేయండి" అన్నాడు బాబాయి. అన్నాక ఒంట్లో ఏదో బరువు దిగినట్టు హాయిగా కూడా అనిపించింది. కోపంలో చేసిన పని అప్పటికప్పుడు అలాగే ఉంటుంది.

మధ్యాహ్నం గదిలో ఆ ఇద్దరే. అన్ని కుర్చీల మధ్య టీచరమ్మ, బ్యాంకు అమ్మాయి మొదటి వరుసలో కూర్చున్నారు. బాబాయి గుంపును మూసేస్తున్న సంగతి చెప్పి, రానివాళ్ళందరినీ పేరుపేరునా కడిగేశాడు. బావమరిదికి రెండింతలు పడింది. టీచరమ్మ ఓపిగ్గా అంతా విని, "ఆఖరిసారి అంటున్నావు కదా బాబూ, మన చదువుడు కార్యక్రమం కానిచ్చి వెళ్దాం" అంది. చదవడానికి ఎవరూ ఏమీ తేలేదు.

"నాదే పెడతాను" అన్నాడు బాబాయి, ఒంటికాలి మీద లేచి. "రిమైండర్లు పంపే ప్రోగ్రాము. అంతకుముందు వాడుకున్న ఉచిత సర్వీసు మూసేస్తే, ఒక ఆదివారమంతా కూర్చుని నేనే రాశాను. ఎంత పద్ధతిగా పంపానో మీరే చదివి చెప్పండి. రేపు ఎవరైనా మాకు తెలియదంటే మీరే సాక్ష్యం."

తెర మీద ప్రోగ్రాము వెలిగింది. బ్యాంకు అమ్మాయి లేచి తెర దగ్గరికి వెళ్ళి చదవడం మొదలుపెట్టింది. ఇక్కడ సభ్యుల ఈమెయిల్ అడ్రసులు తీసుకుంటోంది. ఇక్కడ నెలలో చివరి శనివారం ఏ తారీఖో లెక్క కడుతోంది. ఇక్కడ ఉత్తరం తయారు చేస్తోంది. బాబాయి చేతులు కట్టుకుని, గడ్డం పైకెత్తి వింటున్నాడు.

"ఇక్కడ ఒక స్విచ్ లాంటిది ఉంది. పేరు 'పరీక్ష'. అది ఆన్‌లో ఉంటే, అందరి అడ్రసులూ పక్కన పెట్టేసి..." అమ్మాయి గొంతు నెమ్మదించింది. ఆ వరుసను మళ్ళీ మనసులో చదువుకుని, తిరిగి పైకి చూసి, అంది. "పక్కన పెట్టేసి, బాబాయి గారొక్కరికే పంపిస్తుంది. ఆ స్విచ్ ఆన్‌లోనే ఉంది."

ప్రోగ్రాము సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసుకునేటప్పుడు జనానికి చెత్త ఉత్తరాలు పోకుండా, అన్నీ తనకే వచ్చేలా ఆ ఆదివారం బాబాయే పెట్టిన జాగ్రత్త అది. ఇలాంటి పని చేసే ప్రతివాళ్ళూ పెడతారు. పని అయ్యాక తీసేస్తారు. ఆయన తీయలేదు. నెలనెలా తన ఫోన్ టింగుమంటే లోకమంతా టింగుమందనుకున్నాడు.

బాబాయి మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా నోటినుంచి వచ్చింది మళ్ళీ కోపమే.

"అయితే మీకు రిమైండర్లు రావట్లేదా?"

"లేదు బాబాయి గారూ. చాలా నెలలైంది."

"మరి ఎలా వస్తున్నారు?"

"చివరి శనివారమే కదా. గది తెరిచి ఉంటే లోపలికి వస్తున్నాం."

"వచ్చినవాళ్ళు, రిమైండర్లు రావట్లేదని నాకొక్క ముక్క చెప్పొద్దా? ఇన్ని నెలలు నేను పిచ్చివాడిలా ఖాళీ కుర్చీలను తిడుతుంటే చూస్తూ కూర్చుంటారా?"

టీచరమ్మ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "ఎప్పుడు చెప్పమంటావు బాబూ? నువ్వు రావడమే తిట్టుకుంటూ వస్తావు. అది అయ్యేసరికి మాకు ఇంటికెళ్ళే వేళవుతుంది. ఒకసారి చెప్పబోయాను కూడా. 'వచ్చిన మీరు కూడా సాకులు మొదలుపెట్టకండి' అన్నావు. నోరు మూసుకున్నాను."

"నన్ను గుంపులోంచి తీసేశారనుకున్నాను" అంది బ్యాంకు అమ్మాయి, తెర దగ్గరే నిలబడి. "ఏదో తప్పు చేసుంటాననుకున్నాను. అడిగితే రావద్దంటారేమోనని అడగలేదు."

 తల తీసేసినట్టయింది బాబాయికి. లాప్‌టాప్ ముందు కూర్చుని ఆ స్విచ్ దగ్గర ఒక్క మాట మార్చాడు. సమావేశాలు ఆగిపోలేదని, రిమైండర్లు రాకపోవడం తన తప్పేనని, వచ్చే నెల చివరి శనివారం రమ్మని రాసి అందరికీ పంపాడు. ఈసారి ఇద్దరి ఫోన్లూ టింగుమనేదాకా ఆగాడు.

టీచరమ్మ కళ్ళజోడు పెట్టుకునేలోపే జవాబులు మొదలయ్యాయి. "ఇంకా నడుస్తోందా? మూసేశారనుకుని ఎంత బాధపడ్డానో." "తప్పకుండా వస్తాను, మా చెల్లెల్నీ తీసుకొస్తాను." "బాబాయ్, తిట్టడానికైనా పిలవరేంటా అనుకున్నాం." బ్యాంకు అమ్మాయి ఒక్కొక్కటీ పైకి చదువుతూ నవ్వుతోంది. తర్వాతిది చదివింది. "వస్తున్నాను. గది అదేనా?"

బాబాయి మెట్లు ఎక్కిన తీరుకు మేడమ్ కంగారుపడి లేచి నిలబడింది. తాళంచెవి ఇంకా ఆవిడ బల్ల మీదే ఉంది. ఆయన దానివైపు చూశాడు, ఆవిడా చూసింది.

"చదరంగం వాళ్ళకి చెప్పేశానండీ. పిల్లల ఇళ్ళకి కూడా కబురు వెళ్ళిపోయింది."

"ఒక్క పూట ఆగలేకపోయారా?" అలవాటైన గొంతు లేచింది.

"మీరు ఆగారా?" అంది ఆవిడ, గొంతు పెంచకుండానే.

కింద గదిలోకి తిరిగొచ్చేసరికి ఆడవాళ్ళిద్దరూ కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు. ఆయన మొహం చూసి ఏమీ అడగలేదు. బల్ల మీద ఫోన్ మోగుతోంది. బావమరిది.

"బావా, నాకో మెసేజ్ వచ్చింది" అన్నాడు అవతలినుంచి. ముక్తసరిగా, పరాయివాళ్ళతో మాట్లాడినట్టు. "పొరపాటున పంపావా?"

అన్నేళ్ళ తిట్లలో ఒక్కటీ అక్కరకు రాలేదు. "కాదురా" అన్నాడు బాబాయి. "నీకే."

"రావద్దన్నావు. ఆ నెల నుంచే రిమైండర్లు ఆగిపోయాయి. నన్ను గుంపులోంచి తీసేశావనుకున్నాను. ఇంటికొస్తే తలుపేసుకున్నావు. అక్క ముందు నేను ఏ మొహం పెట్టుకుని కూర్చోవాలి?"

"నేను ఎవర్నీ తీసేయలేదు. ఆ ప్రోగ్రాములో పరీక్ష స్విచ్ ఆన్‌లో వదిలేశాను. ఎవరికీ వెళ్ళలేదు. ఒక్కరికీ వెళ్ళలేదు."

 "సరే. వచ్చే నెల గది అదేనా?"

"గది లేదు."

"ఏమైంది?"

"పొద్దున కోపంలో ఇచ్చేశాను."

"కోపంలో నన్ను వదిలేశావు, గదినీ వదిలేశావు" అన్నాడు బావమరిది. ఈసారి కోపం అతనిది. "మా అక్కనొక్కదాన్నే మిగిల్చావు. తననైనా నిలబెట్టుకుంటావా?"

బాబాయి ఫోన్ చెవికి ఆనించుకుని, పేర్చగా మిగిలిన ఒక కుర్చీలో కూర్చున్నాడు. అవతల అతను కూడా ఫోన్ పెట్టేయలేదు.