గోడవైపు తిరిగిన కుర్చీ

నంద్యాల నుంచి వచ్చిన మొదటి బస్సు కండక్టరు ఆళ్ళగడ్డ బస్టాండులో నన్ను చూసి, టికెట్ల పెట్టె చంకన పెట్టుకుని దిగి వచ్చాడు. "సార్, మీ సర్కారు ప్లీడరు సారు తెల్లారుజామున పోయినాడంట" అన్నాడు. నిజానికి కోర్టులో ఆయన ఏనాడూ నా పక్షం మనిషి కాదు. సర్కారు మీద జనం వేసే దావాలు నావి, సర్కారు తరఫున జవాబు చెప్పడం ఆయన పని. పదిహేనేళ్ళు ఎదురెదురుగా నిలబడి అరుచుకున్నాం. అయినా కండక్టరు 'మీ' అంటే కాదనాలనిపించలేదు. బస్టాండులోనే కాసేపు కూర్చుండిపోయాను.

పొట్టి మనిషి. నల్లకోటు ఎవరో పొడుగాయనకు కుట్టింది తెచ్చుకున్నట్టు ఉండేది. నేను ప్లీడరు పని మొదలుపెట్టిన రోజుల్లో సర్కారు ఆఫీసు నుంచి ఒక కాగితం బయటికి రావాలంటే గగనమే. అడిగితే 'రహస్యం' అనేవాళ్ళు. ఇమ్మని నేను దావా వేసేవాణ్ణి, కుదరదని ఆయన చెప్పాలి. చాలాసార్లు చెప్పేవాడు కూడా. కానీ ఫైలు మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా తానే చదివితే తప్ప ఆ మాట అనేవాడు కాదు. చదువుతూ రెండు కట్టలు కట్టేవాడు. "ఇది ఊరి కాగితం, ఊరికి ఇయ్యల్ల. ఇది ఎవురిదో ఇంటి కాగితం, ఊరికి పనిలేదు" అనేవాడు. ఇంటి కాగితం చేతికొస్తే కుర్చీ తీసుకుని గోడవైపు తిప్పుకుని, మాకు వీపు పెట్టి చదివేవాడు. ఎందుకని ఒకసారి అడిగాను.

"కాగితం దాస్తే సాలదప్పా, మొగం దాయల్ల. నా మొగం శానా వాగుతాది" అన్నాడు.

డెబ్బైల మొదట్లో చాగలమర్రి దారిలోని ఒక పల్లెబడి పంతులమ్మ నా దగ్గరికి వచ్చింది. మూడురోజులు చెప్పకుండా బడి మూసేసిందని ఆమెను ఉద్యోగం నుంచి తీసేశారు. సెలవు అర్జీ ఇచ్చానంటుంది ఆమె, అందలేదంటుంది విద్యాశాఖ ఆఫీసు. ఫైలు చూపించండంటే రహస్యమన్నారు. ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కతే. ఆ ఫైలు తెరుచుకోకపోతే ఆమె మళ్ళీ బడి గడప తొక్కే దారి లేదు.

విచారణ రోజు ఆఫీసరు ఫైలును గుడ్డలో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకొచ్చినట్టు తెచ్చాడు. మా సర్కారు ప్లీడరు కోర్టు తెరవకముందే దాన్ని చదివేశాడు. మధ్యలో ఒకసారి కుర్చీ గోడవైపు తిరగడం వరండాలోంచి చూశాను. తర్వాత జడ్జిగారి ముందు నిలబడి, ఎంతో గంభీరంగా, "రహస్యమని ముద్ర పడిన పత్రాలను ఏలినవారికి మనవి చేస్తాను" అన్నాడు. మొదటిది బడికి కొత్త నీళ్ళకుండ కావాలన్న అర్జీ. రెండోది పెంకులు పగిలి వాన కురుస్తోందన్న ఫిర్యాదు. ఆఫీసులో గుమాస్తా కొత్తగా వచ్చిన రబ్బరు ముద్రను ముచ్చటకొద్దీ కనిపించిన కాగితానికల్లా వేసేశాడు. "ఈ కుండ సంగతి శత్రుదేశానికి తెలిస్తే ప్రమాదమని మా ఆఫీసు అభిప్రాయం" అనేసరికి జడ్జిగారు చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. మూడోది పంతులమ్మ సెలవు అర్జీ. దానిమీద అందినట్టు ఆఫీసు ముద్ర కూడా ఉంది, దాని పక్కనే 'రహస్యం'. అది కూడా అదే గొంతుతో చదివి నా చేతికిచ్చాడు.

అక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? అర్జీ వెనక ఇంకో కాగితం గుచ్చి ఉంది, డాక్టరు రాసిచ్చింది. అదీ చదవాల్సిందే అని పట్టుబట్టాను. కావాలంటే జడ్జిగారు ఒక్కరే చూడొచ్చు, బయటికి చదవడానికి ఒప్పుకోనన్నాడాయన. అరగంట అరిచాను. నా వెనక పంతులమ్మ తల వంచుకుని కూర్చుంది, అన్యాయానికి ఏడుస్తోందనుకున్నాను. జడ్జిగారు ఆ కాగితం చూసి, మడిచి, ఆయనకే తిరిగిచ్చారు. అర్జీ చాలన్నారు. దావా గెలిచాం.

వరండాలో ఆఫీసరు ఆయన్ను నిలేశాడు. "నువ్వు ఎవురికి ప్లీడరువప్పా?"

"సర్కారుకే. ఆ యమ్మ కూడా సర్కారు బడి పంతులమ్మేగదా" అన్నాడు ఈయన. తర్వాత నా భుజం మీద చెయ్యేసి, "ఆకలైతాంది, దా" అని హోటలుకు తీసుకుపోయి ఉగ్గాని, బజ్జీ పెట్టించాడు. ఎంత అరుచుకున్నా ఎదుటి ప్లీడరుతో కలిసి తిననిదే ఇంటికి పోయేవాడు కాదు. ఆ తర్వాత ఎన్నేళ్ళో, హోటల్లో కూర్చున్నప్పుడల్లా, "సార్, ఆ కాగితంలో ఏముండె?" అని అడిగేవాణ్ణి. "బజ్జీ సల్లారిపోతాంది, తినప్పా" అనేవాడు. జవాబు అదొక్కటే.

ఆ సంగతేమిటో కొంచెం నాకు పంతులమ్మే చెప్పింది, మళ్ళీ బడిలో చేరిన చాలా రోజులకి. "ఆ పొద్దు నువ్వు దాన్ని సదివించుంటే నేను దావా ఇడిసిపెట్టి ఊరే ఇడిసిపోయుందునన్నా."

"నాకు ముందే చెప్పొచ్చు గదమ్మా?"

"నీకా? నువ్వు బస్సు ఎక్కితే దిగేదాంక మాట్లాడేటోడివి."

సిగ్గుతో చచ్చినంత పనైంది. నా కక్షిదారును నేను వీధిలో పెట్టబోతే, ఎదుటి ప్లీడరు కాపాడాడు. ఆయనకు నేను చేతులెత్తి మొక్కాల్సిన సంగతి అదే, బతికుండగా ఆ మాట సరిగా చెప్పలేకపోయాను.

కర్మలైన తర్వాత నంద్యాలలో వాళ్ళింటికి వెళితే పంతులమ్మ నాకంటే ముందే వచ్చి కూర్చుంది. జుట్టు నెరిసింది. ఇంకో రెండేళ్ళలో రిటైరవుతుందట. ఆయన కూతురు మా ఇద్దరికీ టీ ఇచ్చి లోపలికి వెళ్ళింది. కుండ కథ గుర్తు చేసుకుని ఇద్దరం నవ్వుకున్నాం, ఆ ఇంట్లో నవ్వడం తప్పనిపించలేదు. కిటికీ పక్కన ఆయన కుర్చీ గోడవైపు తిరిగే ఉంది, ఎవరూ కదిలించలేదు.

పంతులమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. "అన్నా, ఇన్నేండ్లు సారును ఇసిగిచ్చినావంట. ఇంగ ఆయప్ప లేడు. ఆ కాగితంలో ఏముండెనో నేనే చెప్పల్లనా?"

ఇన్నేళ్ళుగా నన్ను వదలని ప్రశ్న. నోటిదాకా వచ్చింది.

"వద్దులేమ్మా. నా మొగం గూడా శానా వాగుతాది" అన్నాను.

ఆమె పకపకా నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ నవ్వింది. నేను లేచి వెళ్ళి ఆయన కుర్చీలో, గోడకు ఎదురుగా కూర్చున్నాను. తల ఎత్తు దగ్గర సున్నం మీద చిన్న నూనెమరక ఉంది, చదివీ చదివీ ఆయన నుదురు ఆనించుకున్న చోటు.