ఆగింది అంటే అయిందని రాసుకున్నారు

కొల్హార్‌ అనే బీదర్ పారిశ్రామికవాడలో మా నాన్న లేత్ షెడ్డు ముందు మురుగు మోరీ కోసం గుంత తవ్విన రోజు నా డైరీలో ఒకటే వాక్యం ఉంది: "ఈరోజు తవ్వారు, నాన్న సంతోషంగా ఉన్నాడు." నిజంగానే ఉన్నాడు. ప్రతి వానకూ రోడ్డు మీది మురుగు షెడ్డులోకి వచ్చి మిషను కాళ్లు తడిసేవి. సిమెంటు మోరీ కట్టి, బండ్లు పోయేలా పైన కప్పు వేస్తామని సర్కారువాళ్లు చెప్పారు. తవ్వినవాళ్లు నాలుగో రోజు నుంచి కనబడలేదు. నడుము లోతు గుంత, మలుపు దగ్గర రోడ్డు మీద పోసిన మట్టి కుప్ప, మేము దాటడానికి వేసుకున్న ఒక చెక్క మిగిలాయి.

మా నాన్న చేసేది బరువు పని. బెల్లం గానుగల రోలర్లు, ట్రాక్టర్ షాఫ్టులు వస్తాయి. వాటిని చెక్క మీద మోసుకు రాలేరు, బండి గుమ్మం దాకా రావాలి. హుల్సూర్ నుంచి ఏటా రోలర్లు తెచ్చే రైతు ఒకాయన గుంత చూసి ట్రాక్టర్ ఆపాడు.

"ఏం మామా, ఖిల్లా కందకం తవ్విస్తున్నవా?"

"ఖిల్లాకు వంతెనన్న ఉంటది. నాకు అది గూడ లేదు" అన్నాడు నాన్న.

ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత ఆయన రోలరుతో సహా మన్నాఏఖేళ్ళిలోని వేరే లేత్‌కు వెళ్లిపోయాడు. మిగతావాళ్లూ ఒక్కొక్కరే అదే దారి పట్టారు. రెండో నెలకు మా మిషను చప్పుడు సగం రోజులు వినిపించలేదు. "ఇట్లనే ఉంటే మిషన్ అమ్మేసి ఏదన్న కంపెనీల షిఫ్టుకు పోవాలె" అన్నాడు నాన్న ఒక మధ్యాహ్నం, నేను తెచ్చిన టిఫిన్ డబ్బా మూత తీస్తూ. ఇరవై ఏళ్లుగా తన మిషను మీద తాను నిలబడిన మనిషి ఆయన. కొల్హార్ మొదట్లో మాత్రం పరిశ్రమలకు స్వాగతం చెప్పే పెద్ద బోర్డు కొత్త రంగుతో మెరుస్తుండేది. ఆటోలో వెళ్లినప్పుడల్లా అది చూడకుండా తల తిప్పుకోవడం నేర్చుకున్నాను.

ఆ వారంలోనే మోరీ పని చూసే సర్కారు ఇంజినీరు వచ్చాడు. రాష్ట్రం దక్షిణం నుంచి బదిలీ మీద కొత్తగా వచ్చినవాడు. మట్టి కుప్ప అడ్డం ఉండటంతో జీపు మలుపులోనే నిలిచింది. ఆయన దిగలేదు. అద్దం దించి, ఒళ్లో కాగితాలు పెట్టుకుని నాన్నను పిలిచాడు. నేను పది అడుగుల దూరంలో డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాను.

"కెలస ఆగిదెయా?" అని అడిగాడు.

పని అయిందా అని దాని అర్థం. నాన్నకు కన్నడం రాదని కాదు. సంతలో బేరాలన్నీ చేస్తాడు. కానీ మా బీదర్ కన్నడంలో అయిందనడానికి "ఆగ్యాద" అంటారు. పుస్తకాల్లోని "ఆగిదె" ఆయన చెవిన ఎన్నడూ సరిగా పడలేదు. అది ఆయనకు, పని నిలిచిపోయిందా అని అడిగే మన తెలుగు "ఆగిందా" లాగే వినిపించింది.

"ఆగింది సార్! ఎప్పుడో ఆగింది. పూరా ఆగిపోయింది!" అన్నాడు, రెండు చేతులూ ఊపుతూ.

ఇంజినీరు తల ఊపి రాసుకున్నాడు. కాగితం అందించాడు. కన్నడం చదవడం రాక, తన గోడు రాసుకున్నారనుకుని నాన్న సంతకం పెట్టాడు.

ఇద్దరూ చెప్పింది నాకు అర్థమైంది. నేను చదివింది కన్నడ బడిలో. తెలుగు అమ్మ దగ్గర, చర్చి పాటల పుస్తకంలో నేర్చుకున్నాను. ఆ రెండు మాటలకూ మధ్య ఎంత దూరం ఉందో ఆ జీపు దగ్గర తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఒక్క వాక్యం చెబితే సరిపోయేది. ఎలాగూ దిగి చూస్తాడులే అనుకున్నాను. జీపు వెనక్కి తిరిగింది.

ఆ తర్వాత మూడు అర్జీలు రాశాను. మాట్లాడలేకపోయినా రాయడం నాకు వచ్చు. మూడోదానితో ఇంజినీరు ఆఫీసుకు వెళితే గుమస్తా ఫైలు తిప్పి చూపించాడు. పని పూర్తయిందని కన్నడంలో ఒక వాక్యం, దాని కింద మా నాన్న వంకర సంతకం.

"నీ నాయినే దస్తఖత్ చేసిండు కదమ్మా."

"ఆగిపోయింది అన్నడు సార్ ఆయన."

"కాయిదంల అట్ల లేదు. ఒక పని చెయ్యి. కట్టిన మోరీ ఖరాబ్ అయింది, మరమ్మతు చెయ్యిండ్రి అని రాయి. ముందటికి పంపిస్త."

"కట్టనే లేదు కద సార్."

"కట్టనిది ఎట్ల ఖరాబ్ అయితదనా? కాయిదంల అయితదమ్మా" అని నవ్వాడు. చెడ్డవాడేం కాదు. నాకు కుర్చీ కూడా చూపించాడు. దానికే నాకు ఎక్కువ మండింది.

ఇంటికొచ్చి నాన్నకు చెప్పాను. "అంటే నా నోటితోనే నా మోరీ కట్టేసిన్నా?" అన్నాడు. మరునాడు పాత ఇనుప గడ్డర్లు రెండు బయటికి లాగాడు. వాటిని గుంత మీద అడ్డంగా వేసి, పైన షాబాద్ బండలు పరుస్తానన్నాడు.

"వద్దు నాయినా. మనం కప్పితే వాళ్ల కాయిదం నిజమైతది" అన్నాను.

"కాయిదం ఏమన్న కానియ్. నాకు బండి రావాలె బిడ్డా."

"ఎవరన్న చూస్తానికి వస్తే?"

"చూసెటోడు జీపు దిగకనే పాయె. ఇంకెవరొస్తుండ్రు?"

మాట్లాడవలసిన రోజు మాట్లాడనిదాన్ని, ఇప్పుడు ఆయన మిషనును పణంగా పెట్టి ఏ న్యాయం అడగను? బండలు వేసే ముందు ఒక్క గంట ఆగమన్నాను. ఆయన టేపు తీసుకుని గుంత పొడవు, వెడల్పు, లోతు కొలిచాను. సిమెంటు చుక్క లేదని, అడుగున పచ్చటి నీళ్లలో ఒక రబ్బరు చెప్పు ఉందని డైరీలో రాశాను. టేపు రెండో కొస పట్టుకుని నాన్న గొణిగాడు: "ఇది ఎవరికి చూపిస్తవే?"

బండలు పరిచాక హుల్సూర్ రైతు మళ్లీ వచ్చాడు. ట్రాక్టర్ బండల మీదుగా గుమ్మం దాకా వచ్చింది.

"వంతెన వడ్డది కద మామా! సర్కారు మంచిగనే చేసింది" అన్నాడు.

నాన్న మిషనుకు బెల్టు ఎక్కించే పనిలో పడ్డాడు.

"సర్కారు కాదు మామా. మేమే వేసుకున్నం" అన్నాను.

ఆయన ఆశ్చర్యంగా చూశాడు. నా గొంతు ఆయన విన్నది అదే మొదలు. "ఎవరేస్తే ఏంది బిడ్డా, ఆగ్యాద కద" అన్నాడు.

సోమవారం నాలుగో అర్జీ పట్టుకెళ్లాను. ఆ రోజు నాన్న ఏమన్నాడో, మా భాషలో ఆ మాటకు అర్థమేమిటో, గుంత కొలతలెన్నో, బండలు ఎవరు వేశారో అందులో రాశాను.

"దేని కింద రాసుకోవాలె? కొత్త పనా, మరమ్మతా?" అన్నాడు గుమస్తా.

"రెండూ కాదు సార్. తప్పు రాసిండ్రు, దిద్దాలె."

"ఆ ఖానా లేదమ్మా."

అర్జీ నకలు మీద ముద్ర వేసి ఇమ్మన్నాను. ఆయన వెనకవాళ్ల కాగితం అందుకున్నాడు. వరుసలో ఎవరో "జరుగమ్మా" అన్నారు. నేను జరగలేదు. మళ్లీ అడిగాను, ఈసారి కన్నడంలో, ఆ ఇంజినీరు మాట్లాడిన పుస్తకాల కన్నడంలో. గుమస్తా రిజిస్టరులో ఆ ఖానా, అంటే గడి, ఖాళీగా వదిలేసి ముద్ర వేశాడు.

ఆ నకలు డైరీలో కొలతల పేజీ దగ్గర ఉంది. జవాబు రాలేదు. మిషను మాత్రం నడుస్తోంది. వానకు గడ్డర్ల కింద మట్టి జారుతుంటే, నాన్న ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చాక గుంతలోకి దిగి రాళ్లు సర్దుతున్నాడు.