బలం ఒకటి

కంప్యూటర్లు బాగుచేసే అతను తన కొట్లో మూలనున్న పాత డబ్బా కంప్యూటర్‌ను మాత్రం ఎవరికీ అమ్మడు. గిరాకీ లేనప్పుడు చొక్కా అంచుతో తెర తుడిచి, వంతులవారీగా ఎత్తులు వేసే యుద్ధం ఆట తెరుస్తాడు. ఒకప్పుడు అతనూ, అతని అన్నా కలిసి ఆ ఆట ఫైళ్లు మార్చి, సైనికులకు తమ ముఖాలు అతికించారు. మెట్లెక్కితే ఆయాసపడే అన్నను ఆటపట్టించడానికి అతని బొమ్మకు బలం ఒకటే రాశాడు తమ్ముడు. "ఒరేయ్, గాలి వీస్తేనే పోతాను కదరా!" అని అన్న దగ్గుతూ నవ్వాడు. తర్వాత ఆ దగ్గే అన్నను తీసుకుపోయింది.

అప్పటినుంచి అతను ఆ బొమ్మను ఆటలో తమ కోట దాటనివ్వలేదు. నిన్న వదిన వచ్చి చూసి, "బలం పెంచొచ్చు కదయ్యా?" అంది. వంద చేసి, కోట బయటికి పంపాడు. బొమ్మ ఎదురొచ్చినవాళ్లను నరుక్కుంటూ పోయింది. వదిన ముఖం తిప్పుకుంది.

"ఈయన మీ అన్న కాదయ్యా."

అతను మళ్ళీ ఒకటి చేశాడు. అప్పటికే బొమ్మ కోటకు దూరంగా, శత్రువుల నడుమ ఉంది. వంతు వాళ్లది.