లైటుకు ముందు రెండు చుట్లు

నల్లగండ్లలోని ఆ షటిల్ కోర్టుకు సాయిలు కాపలాదారు, లైట్ల స్విచ్చి కూడా ఆయన చేతిలోనే. వచ్చినవాళ్లు కోర్టు చుట్టూ రెండు చుట్లు నడిచి ఒళ్లు వేడెక్కించుకోనిదే లైటు వేయడు. గంట లెక్కన కోర్టు తీసుకున్నవాళ్లకు అయిదు నిమిషాలు పోతే ప్రాణం పోయినట్టే. కందకు లేని దురద కత్తిపీటకెందుకని గొణుగుతూనే నడుస్తారు.

ఆయన మాత్రం ఎనిమిదేళ్లుగా చూస్తున్నాడు. పిల్లలు పడితే మోచేతులు గీసుకుని మర్నాడే మళ్లీ వస్తారు. పాతికేళ్లవాళ్లకు చీలమండ మడతపడుతుంది. నలభై దాటినవాళ్లే అసలు తంటా. వారమంతా కుర్చీలో కూర్చుని, శనివారం కారు దిగీ దిగగానే పద్దెనిమిదేళ్లవాళ్లలా ఎగురుతారు. మడమ పైన నరం ఫట్టుమంటుంది.

సాయిలు మోకాలు ఇరవై రెండేళ్లకే పోయింది. నార్సింగి ఇంకా పల్లెగా ఉన్నప్పుడు కబడ్డీలో మెలితిరిగిపోతే, ఇంట్లోవాళ్లు ఆకుకట్టు కట్టించి ఊరుకున్నారు. ముప్పై ఏళ్లు కుంటుతూ ఇతరుల ఆట చూశాడు. ఒక్కసారి మళ్లీ ఆడాలని ఎంత ఉన్నా ఎవరితోనూ అనలేదు.

నిరుడు ఒక శనివారం మెత్తబడ్డాడు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరైన కర్నూలు సురేంద్ర ఆలస్యంగా వచ్చి, ఈ ఒక్కరోజుకు వదిలేయమని బతిమాలాడు. సాయిలు లైటు వేశాడు. మూడో పాయింటుకే సురేంద్ర మడమ పట్టుకుని కూలబడ్డాడు. సాయిలు ఐసు తెచ్చి పెట్టాడు. తన నౌకరీ పోయినట్టే అనుకున్నాడు.

నెల తర్వాత సురేంద్ర ఊతకర్రలతో వచ్చాడు.

"తప్పు నాదే సాయిలన్నా. నువ్వు రోజూ చెప్తాంటివి, నేనే వినలే. నాకు కసరత్తు చేయించే డాక్టరమ్మకు నీ మోకాలు గూడా చూపిద్దాం, రా."

సాయిలు వెంట వెళ్లాడు. దవాఖానలో కోత పెడతారని భయపడ్డాడు కానీ, తొడకండ బలపడితే చాలంది డాక్టరమ్మ. అప్పటి నుంచి రోజూ పొద్దున భార్య భూలక్ష్మి ఎదురుగా కూర్చుని లెక్కపెడితే, ఆయన కాలెత్తి దించాడు. ఒక్కరోజు కూడా ఆమె ఎగ్గొట్టనివ్వలేదు.

మొన్న శనివారం యాభై దాటినవాళ్ల జట్టులో ఒకరు తగ్గారు. సురేంద్ర రాకెట్ తెచ్చి సాయిలు చేతిలో పెట్టాడు. సాయిలు గబగబా కోర్టులోకి వెళ్లి నిలబడ్డాడు. లైటు వెలగలేదు. తిరిగి చూస్తే సురేంద్ర స్విచ్చి దగ్గర చేతులు కట్టుకుని ఉన్నాడు.

"ముందు రెండు చుట్లు నడువన్నా. లైటు ఆ తర్వాతే."

అందరూ నవ్వారు. తన కాలి గురించి ఇంతమంది ఫికర్ చేయడం ఆయన ఎన్నడూ ఎరగడు.

"రెండేంది సార్, మూడు నడుస్త" అని, కళ్లు తుడుచుకుంటూ కదిలాడు.