మాటిచ్చిన నాయినలు

మా పదో తరగతి వాట్సాప్ గ్రూపులో ఈ మధ్య మళ్ళీ హడావుడి మొదలైంది. బడి వదిలి మూడేళ్ళయిందట, అందరం కలుసుకోవాలట, ఊరి సెంటర్లో ఫ్లెక్సీ కట్టాలట. ఫ్లెక్సీ మీద ఒక్కొక్కరి ఫొటో కింద వాళ్ళు ఇప్పుడేం చేస్తున్నారో రాయిద్దామని ఒకడు సలహా ఇచ్చాడు. అంతే, ఆ తర్వాత చాలా రోజులు గ్రూపులో ఎవరూ కిక్కురుమనలేదు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. నా ఫొటో కింద ఏం రాస్తారు? తొర్రూరు బట్టల దుకాణంలో విప్పిన చీరలు మళ్ళీ మడతపెడుతుంది అని రాయాలి.

మాది పెద్దవంగర దగ్గర ఊరు. హైస్కూలు ఊళ్ళోనే ఉంది. గ్రూపులో ఎవరు నోరు తెరిచినా ఆ రోజులే బంగారం అంటారు. నాకైతే బంగారం ఎక్కడా కనపడలేదు. తొమ్మిదో తరగతంతా లెక్కల సారు లేడు. తెలుగు సారే వచ్చి ఎక్కాలు చదివించి పోయేవాడు. ఆడపిల్లల బాత్రూముకు ఎప్పుడూ తాళమే కాబట్టి పొద్దున్నుంచి సాయంత్రం దాకా మంచినీళ్ళు తాగకుండా ఉండటం ఒక విద్యలా నేర్చుకున్నాం. మగపిల్లలకు గోడ చాలు. వాళ్ళకు అవి బంగారు రోజులే అయ్యుంటాయి.

ఆ బడిలో నాకు దక్కిన మంచి ఏదైనా ఉందంటే అది నా బెంచీ పిల్ల. దగ్గరి తండా నుంచి నడిచి వచ్చేది. ఆరో తరగతిలో ఆ తండా పిల్లలు ఒక బెంచీ నిండా ఉండేవాళ్ళు. ఏడాదికి ఒకరిద్దరు చొప్పున మానేస్తూ పోతే పదికి వచ్చేసరికి తనొక్కతే మిగిలింది. సారు లెక్క బోర్డు మీద రాయడం పూర్తికాకముందే తన దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. మాతో మాలాగే తెలుగు మాట్లాడేది. గేటు దగ్గర వాళ్ళ నాయిన కనపడితే మాత్రం వాళ్ళ ఇంటి భాషలోకి మారిపోయేది. ఐదేళ్ళు పక్కన కూర్చున్నాను, ఆ భాషలో ఒక్క ముక్క నేర్చుకోలేదు. క్లాసులో మగపిల్లలు ఆ భాషను వెక్కిరిస్తే పడీపడీ నవ్వేవాళ్ళం. తనూ నవ్వేది, ఏం చేస్తుంది మరి.

వాళ్ళ అమ్మానాయిన ఏటా హైదరాబాద్ పోయి బిల్డింగుల పని చేసేవాళ్ళు. అక్కడ మేస్త్రీ జంటలనే తీసుకుంటాడట. మొగుడు సిమెంటు మాలు కలిపితే పెళ్ళాం మోయాలి. మేం పదిలో ఉన్న ఏడు వాళ్ళ అమ్మకు నడుం పడిపోయింది. ఎన్ని దవాఖానలు తిరిగినా ఇక బరువు ఎత్తొద్దనే చెప్పారు. పరీక్షలు కాగానే అమ్మ స్థానంలో తను పోవాలని వాళ్ళ నాయిన తేల్చేశాడు. తనకేమో తొర్రూరులో ఇంటర్ చదవాలని ఉంది, ఎంపీసీ అని కూడా ఎప్పుడో అనుకుంది.

ఉపాయం కూడా తనే చెప్పింది. "మా నాయిన మాట ఇచ్చిండంటే తప్పడు. తల తెగినా తప్పడు. ఎట్లనన్న జేసి సార్ల ముందట మాట అనిపియ్యాలె." నేను పోయి పెద్దసారుకు చెప్పాను. ఆయన మంచివాడే, కాకపోతే మైకు కనపడితే వదలడు. ఈ ఒక్క పిల్ల సంగతే ఎందుకు, ఫేర్‌వెల్ పార్టీకి అందరి తల్లిదండ్రులనూ పిలుద్దాం, ఒక్కొక్కరితో పిల్లల్ని చదివిస్తామని మైకులో చెప్పిద్దాం అన్నాడు. మాకు అది బ్రహ్మాండంగా తోచింది.

ఫేర్‌వెల్ రోజు అందరం అమ్మల చీరలు కట్టుకుని, ఎక్కడ జారుతాయోనని నడుము నిండా పిన్నీసులు పెట్టుకుని వచ్చాం. బగారన్నం, కోడికూర వాసన మధ్య హైస్కూలు జ్ఞాపకాలు చెప్పుకున్నాం. దెబ్బలు కొట్టిన సార్లకు ఒకడు థాంక్స్ చెప్పాడు. బడంటే ఎప్పుడూ పడనివాడు వెక్కివెక్కి ఏడ్చాడు. తర్వాత తండ్రుల వంతు వచ్చింది. ఒక్కొక్కరే లేచి చదివిస్త సార్, చదివిస్త సార్ అనడం, మేం చప్పట్లు కొట్టడం. మా నాయిన జన్మలో మైకు పట్టుకున్నవాడు కాదు. ఇంట్లో అడిగితే చూద్దాంలే అని దాటేసేవాడు. ఆ రోజు మాత్రం మైకు నోటికి ఆనించుకుని, "నా బిడ్డను డాక్టర్‌ను జేస్త. ఎంత దూరమైన సదివిస్త" అన్నాడు. అందరికంటే గట్టి చప్పట్లు ఆయనకే పడ్డాయి. డాక్టర్ కావాలని నేనెప్పుడూ అనుకోలేదు. అయినా గర్వంతో నా మొహం వేడెక్కిపోయింది.

చివర్లో నా బెంచీ పిల్ల వాళ్ళ నాయినను పిలిచారు. కుర్చీలు ఖాళీగా ఉన్నా ఆయన గోడవారగా కింద కూర్చున్నాడు. లేచి వచ్చి మైకు ఎట్లా పట్టుకోవాలో తెలియక చేతిలో ఉంచుకుని నిలబడ్డాడు. పెద్దసారు ఆయన భుజం మీద చెయ్యేసి, నీ బిడ్డ మా బడికే ఫస్టు, చదివిస్తానని అందరి ముందు చెప్పు అన్నాడు. ఆయన మైకు కిందికి దించాడు. తర్వాత మమ్మల్ని కాదు, కూతురినే చూస్తూ, వాళ్ళ భాషలో మెల్లగా రెండు మాటలు అన్నాడు. తను ఆయన వంక చూసింది. తల వంచుకుని కొద్దిగా ఊపింది. కళ్ళు తుడుచుకుంది. బిడ్డ సంతోషం చూడండి అంటూ పెద్దసారు చప్పట్లు మొదలుపెట్టాడు. మేమందరం అందుకున్నాం.

ఏమన్నడే అని నేను అడిగితే సరేనన్నడు అంది. ఇద్దరం ఒకే విస్తరిలో తిన్నాం. అంత సంబరంగా నేను మళ్ళీ ఎప్పుడూ అన్నం తినలేదు.

ఫలితాలు వచ్చిన రోజు తనకే ఎక్కువ మార్కులు. చెబుదామని తండాకు పరిగెత్తితే ఇంటికి తాళం. పరీక్షలైన మర్నాడే అమ్మను చుట్టాల ఇంట్లో దించి తండ్రీకూతుళ్ళు హైదరాబాద్ పోయారని పక్కింటావిడ చెప్పింది. తిరిగి వస్తూ దారి పొడవునా ఆయన్ని తిట్టాను. మాట తప్పని మనిషట, తల తెగినా తప్పడట. నోటికి ఎన్ని మాటలొస్తే అన్నీ అన్నాను.

నేను తొర్రూరులో ఇంటర్ చదివాను. డిగ్రీకి వరంగల్ అనేసరికి మా నాయిన కాదన్నాడు. ఫేర్‌వెల్‌లో ఏమన్నావో గుర్తులేదా అని మీదికి పోయాను. ఆయన కోపం కూడా తెచ్చుకోలేదు, నిజంగానే నవ్వాడు. "గది ఫంక్షన్ బిడ్డా. ఫంక్షన్ల అందరు గట్లనే అంటరు." తిండి మానేశాను, ఏడ్చాను, ఆయన కదలలేదు. పత్తి పోయిన సంవత్సరం అది, ఆయన పరేషాన్ నాకు తెలియనిది కాదు. అయినా ఆ నవ్వును నేను క్షమించలేదు, క్షమించను కూడా. తర్వాత చూస్తే మా క్లాసంతా అదే కథ. ఒకడు హైదరాబాద్‌లో బండి మీద పార్సిళ్ళు పంచుతున్నాడు, ఒకడు నెల్లికుదురులో హార్వెస్టర్ వెంట తిరుగుతున్నాడు, ఆడపిల్లల్లో సగం మంది చంకన పిల్లలున్నారు. మైకు పట్టుకున్న తండ్రులందరూ బాగానే ఉన్నారు.

పోయిన నెల తొర్రూరు బస్టాండులో తను కనపడింది. నేనే ముందు గుర్తుపట్టలేదు, తనే వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టుకున్న వేళ్ళు సిమెంటుకు పగిలి, గరుకుగా ఉన్నాయి. అమ్మను చూసి మళ్ళీ హైదరాబాద్ పోతున్నామని, నాయిన నీళ్ళ సీసా తేవడానికి పోయాడని చెప్పింది. నేను ఆగలేకపోయాను. మీ నాయిన అందరి ముందు మాటిచ్చి ఎట్లా తప్పాడని నిలదీశాను. తను నింపాదిగా చెప్పింది.

"మా నాయిన మాట తప్పలే. అసలు ఇయ్యనే లేదు. 'గింత మంది ముందట నన్ను అబద్ధమాడమంటున్నవా బిడ్డా, నీ కోసమైతే ఆడుత, ఆడాల్నా' అని అడిగిండు. నేనే వద్దన్న."

ఎందుకు వద్దన్నావే అంటే, ఆయనకు అలవాటు లేని పని ఎట్లా చేయించను అంది. ఆ మాట మామూలుగానే అంది, నా కళ్ళలోకే నీళ్ళు వచ్చాయి. ఆ రోజు మాటిచ్చినవాళ్ళంతా పిల్లల్ని చదివిస్తున్నారని, తనొక్కడే చేతకానివాడయ్యాడని వాళ్ళ నాయిన ఇప్పటికీ అనుకుంటాడట. కాలేజీ డ్రెస్సులో ఎవరి బిడ్డ ఎదురైనా తల దించుకుంటాడట. మన ఊరి సంగతులు నాకేం తెలుసు, నేనూ అట్లానే అనుకుంటున్నా అంది.

అంతలో ఆయన నీళ్ళ సీసా పట్టుకుని వచ్చాడు. నన్ను చూడగానే గుర్తుపట్టాడు. మొహమంతా వెలిగింది.

"బాగున్నవా బిడ్డా? డాక్టర్ సదువు ఎంత దాక వచ్చింది?"

వెటకారమేమో అని చూశాను. కాదు. మా నాయిన మాట నేను కూడా నమ్మనంతగా ఆయన నమ్మాడు.

చెప్పేశాను. ఆగిపోయింది కాకా, చీరల దుకాణంలో చేస్తున్నా అన్నాను. నాదే కాదు, ఎవరిదీ సాగలేదని ఒక్కొక్కరి సంగతీ చెప్పుకుంటూ పోయాను. అందరి బతుకూ ఇంతేనని తెలిస్తే ఆయన తల ఎత్తుకుంటాడనుకున్నాను. ఆయన అడ్డు చెప్పకుండా అంతా విన్నాడు. వింటూ వింటూ బట్టల మూట మీద కూలబడ్డాడు. తను వంగి వాళ్ళ భాషలో ఏదో అంది. ఆయన నా వంకే చూశాడు. సీసా మూత తిప్పుతూ నాతో అన్నాడు.

"నా బిడ్డ ఒక్కతే గిట్లయింది, మిగిలినోళ్ళన్న సదువుకుంటున్నరు గద అని గుండె నిబ్బరం జేసుకున్న బిడ్డా."