కుండల బండలో గిటారు

నా రేడియో పొట్ట కోసినవాడి సంగతి చెప్తాను వినండి. కోపం పోయిందా అంటే ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కానీ వాణ్ణి తిడదామని నోరు తెరిచేలోపే నవ్వు వచ్చేస్తుంది, ఏం చేయను చెప్పండి?

పేరు నిసార్. తాండూరులో మా గోడకు ఆనుకున్న ఇల్లే వాడిది. తల్లీ తండ్రీ లేరు. నాపరాళ్ళకు పాలిష్ పట్టే కార్ఖానాలో పని. పొద్దున పోతే సాయంత్రం దాకా మిషన్ కింద బండ పెట్టి నున్నగా అరగదీయడమే. ఇంటికి వచ్చేసరికి కనుబొమ్మల మీద కూడా బండపొడి ఉండేది. నన్ను వదినె అని, మా ఆయన కిషన్‌ను అన్న అని పిలిచేవాడు. మా ఆయనకు మైక్‌సెట్ దుకాణం. పెళ్ళిళ్ళకు హారన్లు కట్టి ఊరి చెవులు చిల్లులు పొడవడం ఆయన వృత్తి.

డెబ్బై మూడులో నిసార్ సికింద్రాబాద్‌లో ఒక బ్యాండు మాస్టారి ఇంటికి బండలు పరచడానికి పోయాడు. ఆ మాస్టారు ఊరు విడిచి పోతూ తన కరెంటు గిటారును వీడి చేతిలో పెట్టాడు. మామూలు గిటారులా దానికి డొల్ల ఉండదు. చెక్క పలక, ఆరు తీగలు, చప్పుడు పెంచి తగ్గించే ఒక మర. కరెంటు పెట్టెకు తగిలిస్తే గానీ పలకదు. ఆ పెట్టె మాత్రం ఎప్పుడో కాలిపోయిందట. అంటే మావాడికి దక్కింది గొంతు లేని పాటగాడు అన్నమాట.

"మైక్‌సెట్ ఉండంగ ఫికర్ ఎందుకురా?" అన్నాడు మా ఆయన. అనకుండా ఉంటే ఎంత బాగుండేది! తాండూరులోనే ఒక పెళ్ళిలో ఇద్దరూ కలిసి గిటారు వైరు తీసుకుపోయి మైక్ గుచ్చే చోట గుచ్చారు. నిసార్ ఒక్క తీగ మీటాడో లేదో, హారన్‌లోంచి వచ్చిన చప్పుడుకు పెళ్ళికొడుకు ఎక్కిన గుర్రం బెదిరి, పెళ్ళికొడుకుతో సహా పక్క సందులోకి పరుగెత్తింది. సగం ఊరు గుర్రం వెనక, సగం ఊరు పెళ్ళికొడుకు ఊడిపోయిన చెప్పు వెనక. ఇంతలో అరుగు మీద కూర్చున్న ముసలాయన ఒకడు, "ఈడ పిండి గిర్ని ఎప్పుడు పెట్టిండ్రు?" అని అడిగాడు.

ఆ పెళ్ళికి వికారాబాద్ నుంచి అజమత్ కూడా వచ్చాడు. అదీ మా ఖర్మ. అజమత్‌కు అక్కడ రైల్వే స్టేషన్ దగ్గర రేడియోలు బాగుచేసే దుకాణం ఉంది. ఆయన చిన్న కూతురు షాహజాది తండ్రికి సద్ది తెచ్చేది. మా మైక్‌సెట్ రిపేరుకు తీసుకుపోయినప్పుడు నిసార్ ఆ పిల్లను చూశాడు. ఆ తర్వాత మా మైక్‌సెట్ నెలకోసారి పాడవడం మొదలుపెట్టింది. నాకు అర్థం కాలేదనుకున్నాడు పిచ్చివాడు.

పెద్దదిక్కు లేనివాడు కదా అని నేనూ మా ఆయనా పోయి పిల్లను అడిగాం. అజమత్ టీ తాగించాడు, మర్యాద చేశాడు, చివరికి గ్లాసు కింద పెట్టి అసలు మాట అన్నాడు.

"పోరడు కష్టం జేస్తడు, నాకెరుకే. గని అమ్మా, గా రోజు గా ఆవాజ్ జేసి నవ్వుకుంట నిలబడ్డడు చూడు, గది నాకు నచ్చలే. ఏది మంచి ఆవాజో ఏది చెడ్డదో తెల్వనోనికి నా బిడ్డను ఎట్ల ఇయ్యాలె?" ఆపైన ఒక షరతు పెట్టాడు. "మా పెద్దపిల్ల రబియా పెండ్లి దగ్గర పడ్డది. వచ్చి ఒక్క పాట వాయించమను. ఏం పాటనో ఎవ్వలు చెప్పొద్దు. మా ఇంటోళ్ళు విని గుర్తుపడితే అప్పుడు మాట్లాడుదం. గుర్తుపట్టకుంటే గీ ముచ్చట మల్ల తేవద్దు."

ఈ మాట చెప్పగానే నిసార్ మా వంటింటి గడప మీద కూలబడ్డాడు. "నేను నవ్వలే వదినె, ఏడుపు ఆపుకున్న. పొద్దంతా గరగరలనే ఉంటున్న. ఇంటికొచ్చి గూడ గరగరనే చేస్తనా? నాక్కావల్సింది సాఫ్ ఆవాజ్. నిలువ నీళ్ళల్ల అడుగున రాయి కనపడ్తది చూడు, గట్ల."

నాకు జాలి వేసింది. ఆ జాలే నా కొంప ముంచింది.

నా పెళ్ళికి మా అన్న ఇచ్చిన రేడియో ఒకటి ఉండేది. చెక్క పెట్టె, ముందు మెరుపు బట్ట, లోపల బల్బులు వేడెక్కితే గానీ పలకని పాత రకం. దాని మీద నేను అల్లిన లేసు గుడ్డ, గుడ్డ మీద పింగాణీ కుక్క. ఒకరోజు నేను కూరగాయలకు పోయి వచ్చేసరికి ఆ రేడియో గోడవైపు మొహం తిప్పి ఉంది. దాని వెనక గ్రామఫోన్ తగిలించుకోవడానికి ఇచ్చిన రెండు రంధ్రాల్లో గిటారు వైరు దూరి ఉంది. పక్కన మా ఆయన దొంగ చూపులు చూస్తున్నాడు. సొరకాయతో ఇద్దరి నెత్తీ పగలగొడదామని సంచిలో చెయ్యి పెట్టాను.

అంతలో నిసార్ సన్న తీగ మీటాడు. సొరకాయ సంచిలోనే ఉండిపోయింది. ఆ తీగకు పిండి గిర్ని వాసన కూడా లేదు!

"మైక్‌సెట్ మనిషి గొంతు కోసం చేసింది వదినె. సన్న గొంతును గుంజి గుంజి పెద్దగ చేస్తది. గిటారును గూడ గట్లనే గుంజితే చినిగిపోతుంది. గీ రంధ్రం అంత గుంజది. మనం జర తగ్గించి ఇస్తే సాఫ్‌గ తీసుకుంటది" అని వాడు చెప్పుకుపోతున్నాడు. గిటారు మర సగానికి తగ్గించాడు, రేడియో మర కూడా సగమే. పెంచిన కొద్దీ చెడుతుందట, తగ్గించి పెట్టుకుంటేనే తేటగా ఉంటుందట. పెళ్ళైన ఆడదాన్ని, నాకు ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

అయితే లావు తీగ మీటినప్పుడు రేడియో పెట్టె జివ్వుమనేది. వెనక అట్ట వణికేది, ముందు చెక్క వణికేది, చివరికి నా పింగాణీ కుక్క కూడా వణికేది. నిసార్ మూడు రోజులు చూసి నాలుగో రోజు స్పీకర్‌ను ఊడదీశాడు. నేను పెట్టిన కేకకు మా ఆయన చెయ్యి కడుక్కునే నెపంతో వీధిలోకి జారుకున్నాడు.

"కదిలేది ఉంటే గరగర ఉంటది" అన్నాడు నిసార్, నా కేక తన చెవిన పడనట్టే. "కదలనిది నాకు ఒక్కటే తెలుసు."

కార్ఖానాలో రెండు వేళ్ళ మందం బండను మోకాలెత్తు పలకగా కోశాడు. నడుమ గుండ్రంగా స్పీకర్ పట్టేంత రంధ్రం చేశాడు, చుట్టూ బోల్టులకు నాలుగు చిన్న తూట్లు. ఇంటికి తెచ్చి గోడకు ఆనించి నా రేడియో స్పీకర్‌ను అందులో బిగించాడు. వైర్లతో రేడియోకు కలిపి, బల్బులు వేడెక్కాక లావు తీగ మీటాడు.

అమ్మమ్మమ్మ! ఏం చెప్పను! నిండుగా వచ్చింది, గుండ్రంగా వచ్చింది, వేలు తీయగానే ఆగిపోయింది. జుయ్యి లేదు, గర్రు లేదు. ఆరు తీగలూ కలిపి మీటితే ఆరూ విడివిడిగా వినిపించాయి. నిసార్ గిటారు పట్టుకునే ఎగిరాడు. మా ఆయన నిసార్ ముందే నా రెండు చేతులూ పట్టుకుని గిరగిరా తిప్పేసి ఉల్లిగడ్డల గంప తన్నేశాడు. ఇల్లంతా ఉల్లిగడ్డలే. వాటిని ఏరుతూ కూడా ముగ్గురం నవ్వుతూనే ఉన్నాం.

పెళ్ళికి ముందురోజు ఆ బండను హైదరాబాద్ పోయే బండల లారీలో వేశాం. "నిసార్ పంపిండని చెప్పి వికారాబాద్‌ల అజమత్ ఇంట్ల దింపు" అని డ్రైవర్‌కు చెప్పాం. ఎందుకో, ఏమిటో చెప్పలేదు. మర్నాడు పొద్దున మేం ప్యాసింజర్ రైలు ఎక్కాం. మా ఆయన భుజాన వైరు చుట్ట, నిసార్ చంకలో గిటారు, నా ఒళ్ళో స్పీకర్ లేని రేడియో, దాని మీద బట్టలో చుట్టిన స్పీకర్.

అజమత్ తల్లి చాంద్‌బీ నన్ను గుమ్మంలోనే కావలించుకుని ఆడవాళ్ళు ఉండే లోపలి వాకిట్లోకి లాక్కుపోయింది. "రా బేటీ, చూడు! మీ తాండూర్ పోరడు ఎంత అఖల్, ఎంత తెలివి ఉన్నోడో చూడు!"

చూశాను. నా పైప్రాణాలు పైనే పోయాయి.

మా బండ రెండు ఇటుక దిమ్మెల మీద పడుకుని ఉంది, చుట్టూ సిమెంటు. నడుమ రంధ్రంలో నీళ్ళ కుండ కుదురుగా కూర్చుంది, కుండ మీద గ్లాసు. మా వైపు గుండ్రం రంధ్రం ఉన్న బండ అంటే కుండల బండే మరి, ఇంకేముంటుంది? "పెండ్లింట్ల నీళ్ళకు పరేషాన్ అయితదని ముందే పంపిండు! అందరు చీరెలు తెస్తరు, గిన్నెలు తెస్తరు. గిది ఎవలకన్న తోచిందా?" అంది చాంద్‌బీ. వంగి బోల్టు తూట్లు కూడా చూపించింది. "ఒలికిన నీళ్ళు పోయెటందుకు నాలుగు తూట్లు గూడ పెట్టిండు. గిసుంటి పోరనికి పిల్లను ఇయ్యకుంటే ఎవలకిస్తరు?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కిటికీ దగ్గరికి పోయి బయట మగవాళ్ళ పందిట్లో ఉన్న మా ఇద్దరికీ సంగతి చెప్పాను. నిసార్ మొహం పాలిపోయింది.

"అడిగి పీకిద్దం" అన్నాడు మా ఆయన.

"పీకితే ముసలమ్మ మనసు విరుగుతది. దానితోని వీని పెండ్లి గూడ" అన్నాను. "నీ భుజం మీది వైరు ఎందుకున్నది? రేడియో, గిటారు బయటనే పెట్టుండ్రి. స్పీకర్ వైర్లు గీ కిటికీలకెల్లి లోపటికియ్యి. బండ తానికి నేను పోత."

"అట్లయితే నాకేం వినపడది వదినె!" అన్నాడు నిసార్.

"వినవల్సింది నువ్వా, వాళ్ళా?" అన్నాను. వాడు గిటారు వైరు తీసి రేడియోకు తగిలించాడు.

కుండ కడిగి తెస్తానని చాంద్‌బీకి చెప్పి పక్కన పెట్టాను. బండను కొంగుతో తుడిచి, తడి లేదని రెండుసార్లు చూసుకుని, కిటికీలోంచి వచ్చిన వైర్లు తగిలించి స్పీకర్‌ను రంధ్రంలో కూర్చోబెట్టాను. సరిగ్గా సరిపోయింది. కిటికీ తట్టాను.

బయట పందిట్లో నిసార్ వాయించడం మొదలుపెట్టాడు. ఆ పలక గిటారు తనంతట తాను ఏం పలుకుతుంది? వేళ్ళు ఆడుతున్నాయి, చప్పుడు లేదు. ఎదురుగా కుర్చీలో అజమత్ కనుబొమ్మలు ముడిచాడు. ఒకడు "మూగ గిటారు!" అన్నాడు. ఇంకొకడు "పెంచు భాయ్, ఇంక పెంచు!" అని అరిచాడు. పందిరంతా ఒకటే నవ్వు. నిసార్ చెవులు ఎర్రబడ్డాయి. వాడి చెయ్యి మర మీదికి పోయింది.

పెంచితే బండలోంచి మళ్ళీ పిండి గిర్నే! కిటికీ ఊచలు పట్టుకుని వద్దు వద్దని తల ఊపాను. వాడు నన్ను చూశాడు. అంతమంది నవ్వుతుంటే, తనకు ఒక్క స్వరం వినపడకుండానే, చెయ్యి వెనక్కి తీసుకుని మళ్ళీ తీగల మీద పెట్టాడు. ఆ నిమిషం వాడి మీద నాకు కలిగిన ముద్దు ఇంతా అంతా కాదు.

లోపల మొదట ఎవరూ గమనించలేదు. గాజులు, గిన్నెలు, పిల్లల ఏడుపులు. "యా అల్లా! బండ పాడుతుంది!" అని చాంద్‌బీ అరిచింది. వాకిలి గప్‌చిప్. బండలోంచి తీగలు ఒకదాని తర్వాత ఒకటి తేటగా, నింపాదిగా వస్తున్నాయి. ముసుగు కింద తల వంచుకుని కూర్చున్న పెళ్ళికూతురు రబియానే మొదట గొంతు కలిపింది. వాళ్ళ ఇళ్ళలో పెళ్ళికూతురికి పసుపు పెట్టేటప్పుడు పాడుకునే పాట అది. ఇంకొకామె అందుకుంది. ఎవరో ఢోలక్ లాక్కున్నారు. చూస్తుండగానే వాకిలంతా పాడుతోంది, చాంద్‌బీ చప్పట్లు కొడుతోంది, నాకు ఆ పాట రాకపోయినా నేనూ పాడుతున్నాను. నీళ్ళ కోసం వచ్చిన షాహజాది ఖాళీ గ్లాసు పట్టుకుని బండ పక్కనే నిలబడిపోయింది.

"పొద్దంతా మిషన్ కాడ ఉంటడంట గద ఆపా" అంది నాతో మెల్లగా. "గింత మంచి ఆవాజ్ ఎక్కడ దాచిండు?"

ఆడవాళ్ళ పాట కిటికీలోంచి పందిట్లోకి పోయింది. అక్కడ నవ్వులు ఆగిపోయాయి. గిటారు మూగగానే ఉంది, కానీ నిసార్ వేళ్ళు ఎటు పోతే లోపలి పాట అటు పోతోంది. అజమత్ కుర్చీలోంచి లేచాడు. గబగబా లోపలికి వచ్చి బండ మీదికి వంగి చెవి పెట్టాడు. ఎంతైనా రేడియో మెకానిక్. స్పీకర్‌ను చూశాడు, బోల్టు తూట్లు చూశాడు, మురిసిపోతున్న తల్లిని చూశాడు. అంతా అర్థమైపోయింది. చెప్పొద్దని నేను చేతులు జోడించాను. ఆయన భుజాలు కదిలేలా, చప్పుడు లేకుండా నవ్వుకుంటూ బయటికి పోయాడు.

నిసార్ నిలబడి ఉన్నాడు, నుదుటి నిండా చెమట. "చాచా, ఎట్ల వచ్చింది? నాకేం వినపడలే. ఒక్కసారి లోపటికి పోయి వినొస్త."

"లోపట ఆడోళ్ళున్నరు. పరాయి మొగోడు పోవద్దు" అన్నాడు అజమత్ గట్టిగా.

నిసార్ తల దించుకున్నాడు. అజమత్ వాడి చేతిలోంచి గిటారు తీసుకుని, వాడి కుర్చీలో తాను కూర్చున్నాడు.

"అల్లుడు పోవచ్చు" అన్నాడు. "పో. నేను ఒక్క తీగ మీటుత, వినిరా."